గుక్క తిప్పుకోకుండా నలభై పేర్లు

నలభై ఎనిమిదో ఏట నేను అక్షరాలు నేర్చుకున్నాను. జమ్మలమడుగులో మా వీధి అంగన్‌వాడీలో, పిల్లలు ఇళ్ళకు పోయాక, సాయంత్రం పూట పదిమంది ఆడవాళ్ళం కూర్చునేవాళ్ళం. చదువు చెప్పే టీచరమ్మ నా కూతురికంటే చిన్నది. మమ్మల్ని అక్కా, అత్తా అని గౌరవంగా పిలిచి, ఆ గౌరవం తగ్గకుండానే తిట్టేది.

మేం మొద్దులం కాము. మా కష్టం వేరే. పుట్టినప్పటినుంచి ఏదీ రాసిపెట్టుకునే అలవాటు లేనివాళ్ళం కాబట్టి ఒకసారి వింటే చాలు, తలలో దిగిపోతుంది. ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగారో, ఏ ఏడు వాన ఏ కార్తెలో పడిందో, ఎవరి బర్రె ఎన్నో ఈత ఈనిందో అన్నీ అక్కడే ఉంటాయి. టీచరమ్మ పాఠం ఒకసారి పైకి చదివితే మాకు మొత్తం వచ్చేసేది. తర్వాత పుస్తకం తెరిచి, వేలు పెట్టి, గట్టిగా అప్పజెప్పేవాళ్ళం. వేలు ఒకచోట, మాట ఇంకోచోట.

ఒకరోజు కడప నుంచి ఒక అధికారి వచ్చాడు. నిమిషంలో ఎన్ని మాటలు చదువుతామో చూడాలని చేతిలో ఫోను పట్టుకుని నిలబడ్డాడు. మా పక్కింటి అత్త లేచి ఆవు పాఠం అందుకుంది. సగంలో ఫ్యానుగాలికి పేజీ లేచింది. ఆయన దాన్ని సరిచేయబోయి రెండు పేజీలు తిప్పేశాడు. అత్త ఆగలేదు. పుస్తకంలో చేతులు కడుక్కోవడం గురించి పాఠం వచ్చింది. అత్త నోట్లో ఆవు ఇంకా పాలిస్తూనే ఉంది. ఆయన ఫోనులో గడియారం చూశాడు గానీ పుస్తకం చూడలేదు. "ధారాళంగా చదువుతున్నారు" అని రాసుకుని, మాకు చేతులు జోడించి, జీపెక్కాడు. మా అందరికీ సర్టిఫికెట్లు వచ్చాయి.

ఆ ధారాళం నాకు నిజంగా అవసరం పడుతుందని అప్పట్లో అనుకోలేదు.

నేను ప్రొద్దుటూరులో ఒక డాక్టరుగారి ఆస్పత్రిలో తుడిచే పని చేసేదాన్ని. కొండాపురం దగ్గర మా ఊరు రిజర్వాయరు నీళ్ళలో పోయాక జమ్మలమడుగు చేరి, రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. పన్నెండేళ్ళు వంగి తుడిచాను. నా మోకాళ్ళు అరిగిపోయాయని డాక్టరుగారే చెప్పారు, నేను ఆయన కుర్చీ కింద తుడుస్తుండగా.

ఆయన గది తలుపు పక్కన ఒక స్టూలు ఉంది. దానిమీద కూర్చున్న మనిషి దగ్గర చీటీలు, ఫైళ్ళు వరుసగా ఉంటాయి. పేరు పిలుస్తాడు. ఆ మనిషి లేచివచ్చి తన చీటీ అందుకుని లోపలికి పోతాడు. ఎన్నో ఏళ్ళుగా అక్కడ కంపౌండరు భాయ్ ఉండేవాడు. ఆయన కువైట్ పోయాడు. మా వైపు పని బాగా తెలిసిన ప్రతి మనిషీ చివరికి కువైట్‌కే పనికొస్తాడు.

అదే నెలలో డాక్టరుగారు ఇంకో మాట కూడా చెప్పారు. తుడిచే పనికి మిషన్లు పట్టుకుని ఒక కంపెనీ వాళ్ళు వస్తారట. పై నెల నుంచి నా చీపురుకూ నాకూ ఇక్కడ పని లేదు.

"ఏం జేద్దామో నువ్వే చెప్పు," అన్నారు.

"ఆ స్టూలు నాకియ్యండి సార్."

"పేర్లు చదవల్ల గదమ్మా."

"చదువుతా సార్. సర్టిఫికెట్ గూడా ఉండాది."

"సర్టిఫికెట్లు శానామందికి ఉంటాయి. బిన్నా, గబగబా చదవల్ల. బయట నలభైమంది ఉంటారు. ఒక్కో పేరు నువ్వు అరగంట చదివితే, ఈలోపల వాళ్ళకు వాళ్ళే నయమైపోయి ఇంటికి పోతారు. నా గతేంది?"

ఒక నెల గడువిచ్చారు. స్టూలు ఎక్కాలి, లేదా ఇంటికి పోవాలి. ఇంట్లో కోడలు మంచిదే, కానీ ఆ మంచితనం పగలంతా నేను ఇంట్లో లేకపోవడంవల్ల నిలబడినదని నా అనుమానం.

చీటీలు తెలుగులోనే ఉండేవి. ఇంగ్లీషులో రాయడం కౌంటర్లో అమ్మాయికీ కష్టమే. అయితే మా జిల్లాలో పేర్లు చిన్నవి కావు. ముందు ఇంటిపేరు, తర్వాత కొండమీది దేవుడు, దేవుడి పక్కనే తాత, చివర కులం. ఒక పేరు చదవడమంటే ఒక ఊరు ఈ కొసనుంచి ఆ కొసదాకా నడవడం. నేను దేవుడి దగ్గరికి చేరేసరికి ఇంటిపేరు మరచిపోయేదాన్ని.

కౌంటర్లో అమ్మాయి డిగ్రీ చదివింది. నామీద జాలిపడి ఫోనులో ఒక వీడియో చూపించింది. కోటు వేసుకున్న ఒకాయన అందులో చదువు వేగం పెంచుకునే ఉపాయాలు చెబుతున్నాడు.

"పెదాలు కదిలించకూడదంట పెద్దమ్మా," అంది ఆ అమ్మాయి. "వేలు పెట్టకూడదంట. ఒక్కొక్క అక్షరం చూడకూడదంట. మాట మొత్తం ఒక్క చూపులో మింగల్లంట."

"అక్షరం జూడకుండా ఇంకేం జూడల్లమ్మా?"

"అర్థం జూడల్లంట."

మర్నాడు మధ్యాహ్నం అన్నాలవేళ ప్రయత్నించాను. పెదాలు బిగబట్టి ఒక చీటీని మింగాలని చూశాను. నాకు నోరు కదలకపోతే అక్షరం కదలదు. పక్కన కూర్చున్న నర్సమ్మ నా మొహం చూసి, "ఏందక్కా, పన్ను నొప్పా?" అని అడిగింది.

అప్పుడు బస్సును పట్టుకున్నాను. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు పోయేటప్పుడు కిటికీ పక్కన కూర్చుని బోర్డులు చదవడం మొదలుపెట్టాను. అంతకంటే కఠినమైన బడి లేదు. పలకమీద అక్షరం మనకోసం ఆగుతుంది, డ్రైవరు ఆగడు. మొదటి వారం ఒక్కో బోర్డులో మొదటి అక్షరమే నాకు దక్కేది. ఎరువుల అంగడి అయినా, చీరల అంగడి అయినా, బడి అయినా నాకు తలకాయ మాత్రమే చిక్కి, మొండెం వెనక్కి పోయేది. స్పీడ్ బ్రేకర్ల దగ్గర మాత్రం పూర్తిగా చదివేదాన్ని. ఆ దారిలో ఏ స్పీడ్ బ్రేకరు పక్కన ఏ కొట్టు ఉందో ఇప్పటికీ చెప్పగలను.

రెండో వారంలో ఒక్కసారిగా వేగం వచ్చింది. ఊరి మొదట్లో పెద్ద ఫ్లెక్సీ కనబడగానే "జన్మదిన శుభాకాంక్షలు" అని గడగడా చదివేశాను. ఇంకొంచెం దూరంలో ఇంకొకటి. అదీ చదివాను. పులివెందులలో మా చెల్లెలిని చూడటానికి పోయినప్పుడైతే ఆ దారిపొడుగునా నా అంత చదువరి లేదు. బస్సు ఎంత వేగంగా పోతే నేనూ అంత వేగంగా చదివాను. మా చెల్లెలి ఇంటిముందు దిగేవరకూ గర్వం నిలబడింది.

"ఏం రాసుండాది ఆడ?" అని వాళ్ళ వీధి మొగదల ఫ్లెక్సీని చూపించింది చెల్లెలు.

"జన్మదిన శుభాకాంక్షలు."

"ఆయప్ప పోయినారం సచ్చిపోయె. పదకొండోరోజు పిలుపది."

దండ వేసిన ఫోటో ఉంది, నేను చూడలేదు. మా జిల్లాలో ఫ్లెక్సీమీద అక్షరాలకంటే మొహాలు ఎక్కువ. పైన పెద్ద నాయకులు, పక్కన చిన్న నాయకులు, కింద చిన్న నాయకులకు కాబోయే నాయకులు. వాళ్ళందరికీ చోటిచ్చాక అక్షరాలకు మిగిలేది ఒక జానెడు. ఆ జానెడులో ఎప్పుడూ ఒకే మాట ఉంటుందనుకుని నేను చూడటం మానేశాను. కోటాయన చెప్పిన ఉపాయం నాకు తెలియకుండానే పట్టుబడింది. అక్షరం చూడకుండా చదివాను.

గడువు ముగిసింది. సోమవారం పొద్దున స్టూలు ఎక్కాను.

ఇక్కడ నేను చేసిన పని దాచకుండా చెప్పాలి. చీటీలు రాసేటప్పుడు కౌంటర్లో అమ్మాయి ప్రతి మనిషినీ, "పేరు? ఊరు?" అని అడుగుతుంది. వాళ్ళు చెప్పింది తిరిగి పైకి అంటూ రాస్తుంది. నేను ఆ పక్కనే టేబుల్ తుడుస్తూ వినేదాన్ని. నలభై పేర్లూ వరుసగా తలలో కూర్చునేవి. తర్వాత స్టూలు మీద కూర్చుని, చీటీ ఎత్తి కళ్ళదగ్గర పెట్టుకుని, నోటికొచ్చిన పేరు పిలిచేదాన్ని. చీటీ తిరగేయడం, కళ్ళు ఇటునుంచి అటు తిప్పడం అన్నీ మర్యాదగా చేసేదాన్ని. అంతేకాదు, పేరు వెంబడి ఊరు, వరస కూడా కలిపేదాన్ని. "లింగాల మామా, నువ్వే, రా." "చెప్పుల అంగడి ఖాలా, లోపలికి పోమ్మా." చీటీలో రాసిన పేరు తమదేనని మా వాళ్ళలో సగంమందికి తెలియదు. ఆధార్ కార్డులో తప్ప ఆ పేరుతో వాళ్ళను ఎవరూ పిలవరు. నేను పిలిస్తే ఒక్క పిలుపుకే లేచేవాళ్ళు.

డాక్టరుగారు తలుపు సందులోంచి విని మురిసిపోయారు. వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. "పోయిన ఏడుదాకా ఏలిముద్ర వేస్తాండె. ఇప్పుడు చూడండి, గుక్క తిప్పుకోకుండా చదువుతాది."

నాకు సిగ్గువేసేది. కానీ స్టూలు మెత్తగా ఉండేది, మోకాళ్ళు హాయిగా ఉండేవి. అట్లా మూడు వారాలు గడిచాయి.

నాలుగో సోమవారం నేను డాక్టరుగారికి టీ తేవడానికి పోయినప్పుడు ఒక పెద్దాయన కారు వచ్చి వాకిట్లో ఆగింది. ఆయన దిగలేదు. భూములుండి, మాట చెల్లే ఇంటివాళ్ళు మా వైపు వరుసలో కూర్చోరు. వెంట వచ్చిన మనిషి ఆయన రక్తపోటు ఫైలు ఇస్తే, కౌంటర్లో అమ్మాయి దాన్ని నిశ్శబ్దంగా నా కట్టలో మూడోచోట పెట్టింది. పైన చీటీమీద పేరు రాసే ఉంది. చదవగలిగినవాళ్ళకు అది చాలు.

నేను తిరిగివచ్చి కూర్చున్నాను. ఒకటి, రెండు సరిగ్గానే పోయాయి. మూడో పేరు తలలోంచి పిలిచాను. చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు మోసే మనిషి వచ్చాడు. జ్వరమని వచ్చినవాడు. ఆయన చేతిలో పెద్దాయన ఫైలు పెట్టాను. నాలుగో మనిషి బీడీలు తాగి తాగి దగ్గుతున్న ముసలాయన. ఆయన చేతికి జ్వరం చీటీ. ఐదో మనిషి పులివెందుల వైపునుంచి వచ్చిన ఒక అవ్వ, కాళ్ళనొప్పులు. ఆమె చేతికి దగ్గు ఫైలు.

లోపల డాక్టరుగారైనా ఆపేవారే, తలెత్తి ఉంటే. ఆయన చూపు కాగితం నుంచి కాగితానికి పోతుంది. ఆయన నిమిషానికి ఎన్ని మాటలు చదువుతారో తెలియదు గానీ, మనిషిని చదవడానికి అందులో టైము మిగలదు.

అవ్వ బయటికొచ్చి హాలు మధ్యలో నిలబడింది.

"ఏందమ్మో ఈ న్యాయం! మోకాలు సూపిస్తే బీడీలు మానెయ్యమంటాడు! మా ఇంటాయన తాగుతాంటేనే నేను పొయ్యిలో ఏసి కాల్చినా. నన్ను తాగతాండావంటాడే!"

హాలంతా నవ్వింది. నేనూ నవ్వబోయి ఆమె చేతిలో ఫైలు చూశాను. మొట్టమొదటిసారి ఒక చీటీని నిజంగా చదివాను. మొదటి అక్షరమే అవ్వ పేరుది కాదు. కట్టలో మిగిలినవీ తీసి చూశాను. అన్నీ ఒక అడుగు జరిగి ఉన్నాయి.

బీడీల తాత మందుల కౌంటరు దగ్గరే దొరికాడు. సిమెంటు ఫ్యాక్టరీ మనిషి లేడు. రక్తపోటు తగ్గించే మాత్రలు తీసుకుని బస్టాండుకు పోయాడన్నారు. రక్తపోటు లేని మనిషి, జ్వరంతో ఉన్నవాడు, అవి మింగితే దారిలోనే పడిపోతాడని నర్సమ్మ అంది. ఇద్దరం పరుగెత్తాం. నా మోకాళ్ళు ఆరోజు ఎట్లా కదిలాయో నాకు తెలియదు.

ప్రొద్దుటూరు బస్టాండులో నర్సమ్మ ఒకవైపు పోయింది, నేనొకవైపు. చిలమకూరుకు పోయేవాడు ఎర్రగుంట్ల బస్సే ఎక్కి ఉండాలి. నాలుగు బస్సులు ఒకేసారి కదులుతున్నాయి. ఇక్కడ ఎవరూ నాకు ముందుగా పైకి చదివి వినిపించలేదు. మైదుకూరు. కాదు. ఇంకోటి, జమ్మలమడుగు. అది నాకు చూపుతోనే తెలుసు, రోజూ ఎక్కేదే. మూడోది గేటు వైపు తిరుగుతోంది. ఎ. ర్ర. గుం. మిగతాది దుమ్ములో పోయింది.

"ఆపండప్పా! ఎర్రగుంట్ల బస్సు ఆపండి!"

జామకాయలమ్మే ఆమె అరిచింది, ఆటోవాళ్ళు అరిచారు, కండక్టరు విజిలేశాడు. బస్సులో ఆ మనిషి వెనక సీట్లో కూర్చుని బోండాలు తింటున్నాడు. మాత్రలు జేబులోనే ఉన్నాయి.

"అన్నం తిన్నంక ఏసుకోమన్నారు గదక్కా," అన్నాడు. "బోండా అన్నం కిందికి వస్తాదా రాదా అని ఆలోచన చేస్తాండా."

ఆయన ఆలోచనకు నేను ఈనాటికీ రుణపడి ఉన్నాను.

తిరిగివచ్చాక డాక్టరుగారి గదిలో నిలబడి అంతా చెప్పాను. చదవలేదని, విని పిలిచానని. అవ్వ కూడా అక్కడే కుర్చీలో ఉంది. ఆమె కాళ్ళు చూడటం అప్పుడే మొదలైంది.

డాక్టరుగారి మొహం ఎర్రబడింది. "చదవకుండా ఎట్ల పిలుస్తివమ్మా? ప్రాణాలతో ఆటలా?"

జవాబు అవ్వ ఇచ్చింది.

"ఆయమ్మ సూడకుండా పిలిచె. నువ్వు సూడకుండా రాస్తివి. ఇద్దరూ ఒగే బడిలో సదివినారా నాయనా?"

కౌంటర్లో అమ్మాయికి దగ్గు వచ్చి బయటికి పోయింది. డాక్టరుగారు కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత నావైపు తిరిగారు.

"రేపు పొద్దున చీటీలు కలిపి ఇస్తా. నా ఎదురుగా చదువు. చదవడం రాకపోతే ఇంటికే."

మర్నాడు పాత చీటీలు పది, పేకముక్కల్లాగా కలిపి ముందు పెట్టారు. కౌంటర్లో అమ్మాయి ఫోనులో గడియారం నొక్కింది. నేను వేలు పెట్టాను. పెదాలు కదిలించాను. కోటాయన వద్దన్నవన్నీ చేశాను. ఇంటిపేరు, దేవుడు, తాత, కులం, ఎక్కడా దాటవేయకుండా, కూడబలుక్కుంటూ, ఒక్కోచోట వెనక్కి పోయి మళ్ళీ మొదలుపెడుతూ చదివాను. డాక్టరుగారి టీ చల్లారిపోయింది. ఇంకో టీ తెప్పించుకున్నారు. అదీ చల్లారింది.

పదో చీటీ ఎత్తి ఇటు తిప్పి, అటు తిప్పి, కింద పెట్టాను.

"ఏమైంది?"

"ఇది చదవలేను సార్. ఇయి అచ్చరాలు కావు."

ఆయన తీసుకుని చూశారు. అది ఆయన చేత్తో రాసిన మందుల చీటీ, పొరపాటున కలిసింది. ఆయనా కాసేపు దాన్ని ఇటూ అటూ తిప్పారు. ఏం మందో ఆయనకూ తెలియలేదు. ఎదురుగా మందుల కౌంటర్లో ఉండే మనిషిని పిలిస్తే వచ్చి, చూసీ చూడకముందే పేరు చెప్పాడు. ఎట్లా చదివావంటే, "చదివేదేంది సార్, మీరు ఎక్కువగా రాసేది ఇదే గదా," అన్నాడు.

తొమ్మిది చీటీలూ ఒక్క తప్పు లేకుండా చదివానని కౌంటర్లో అమ్మాయి చెప్పింది. ఎంతసేపు పట్టిందో కూడా చెప్పబోతే డాక్టరుగారు చెయ్యి అడ్డంపెట్టి, "తెలుసులేమ్మా, రెండు టీలు," అన్నారు. నావైపు చూసి స్టూలు చూపించారు.

ఆరోజు హాలు నిండుగా ఉంది. మొదటి చీటీ ఎత్తి, వేలు పెట్టి, ఇంటిపేరు కూడబలుక్కున్నాను.

"ఏందక్కా, నిన్నటిదాకా రైలు మాదిరి చదివితివి, ఈ పొద్దు ఎద్దులబండి ఎక్కినావే," అన్నాడు ముందు వరుసలో ఒకాయన.

"కూసోప్పా. నీ పేరు వచ్చేదాకా ఓపిక పట్టు."

దేవుడి పేరు సగానికి వచ్చేసరికి హాల్లో మాటలు ఆగిపోయాయి. ఇంతకుముందు ఫోన్లు చూసుకుంటూ, పిలిచినా వినిపించుకోనివాళ్ళంతా మెడలు చాచారు. ఆ దేవుడి పేరు పెట్టుకున్నవాళ్ళు నలుగురు లేచి నిలబడ్డారు. తాత పేరు దగ్గర ఇద్దరు కూర్చున్నారు. కులం దగ్గర ఇంకొకరు కూర్చున్నారు. మిగిలిన ఒక్కడూ వచ్చి నా ముందు నిలబడితే, "ఏ ఊరు నాయనా?" అని అడిగి, చీటీలో ఊరు కూడా చదివి, అప్పుడిచ్చాను.

నలభైమందీ అయ్యేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. డాక్టరుగారు ఆకలితో బయటికొచ్చి, ఖాళీ హాలునూ నన్నూ చూశారు. ఏమంటారోనని లేచి నిలబడ్డాను.

"కూసో," అన్నారు. "రేపట్నుంచి నేను గంట ముందొస్తా. నువ్వూ ఒక బస్సు ముందెక్కు."